అదిగో నా కట్నం

పోయిన నెల మా ఆదివారం చదువుల బృందంలో మాటామాటా పెరిగింది. ఏడుగురు ఆడవాళ్ళం. నెలకో పుస్తకం చదువుకుని ఎవరో ఒకరింట్లో కూర్చుని మాట్లాడుకుంటాం. ఈసారి పుస్తకం ఎంచే వంతు నాది. గ్రీకు రచయిత అలెక్సాండ్రోస్ పాపదియామంతిస్ రాసిన 'హంతకురాలు' ఇచ్చాను. 1903లో వచ్చిన నవల. చిన్న పుస్తకం కావడంతో అందరూ చివరిదాకా చదివే వచ్చారు. మాలో అందరికన్నా చిన్నమ్మాయి ఎమ్మే చదువుతోంది. పరీక్షకి తయారైనట్టు పెద్ద కాగితం మీద చార్టు గీసుకుని తెచ్చింది. ఎడమవైపు పాత్రలు, కుడివైపు ఇతివృత్తాలు. పై వరుసలో 'హదూలా: మతి చలించిన వృద్ధురాలు' అని ఉంది. అన్నిటికన్నా కింద, చోటు సరిపోక చిన్న అక్షరాల్లో, 'ఇతర పాత్రలు: చనిపోయిన పిల్లలు' అని ఉంది.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మనందరికీ బడిలో నేర్పిన పద్ధతే అది. కానీ ఆ పై వరుసా, కింది వరుసా రెండూ ఈ నవల మనకి అందకుండా చేస్తాయని నా నమ్మకం. ఆవేళ అదే చెప్పబోయాను. "పసిపిల్లల్ని చంపింది పిచ్చిది కాకపోతే మరేంటక్కా?" అని ఆ అమ్మాయి సూటిగా అడిగింది. జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంటికొచ్చి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివాను. ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఏజియన్ సముద్రంలో స్కియాథోస్ అని ఒక చిన్న దీవి. పాపదియామంతిస్ అక్కడే 1851లో ఒక పూజారి కొడుకుగా పుట్టాడు. ఏథెన్స్‌లో పత్రికలకి అనువాదాలు చేసుకుంటూ బీదగా బతికాడు. దోస్తోయెవ్‌స్కీ 'నేరము - శిక్ష'ని 1889లో గ్రీకులోకి తెచ్చింది ఆయనే. పెళ్ళి చేసుకోలేదు. చర్చిలో పాటలు పాడేవాడు. చివరికి దీవికే తిరిగి వెళ్ళి 1911లో పోయాడు. ఇంటి దగ్గర పెళ్ళి కాని అక్కచెల్లెళ్ళు ఉండేవారు. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకుని చదివితే నవలలో కట్నం గురించిన పేజీలు వేరేగా కనిపిస్తాయి. ఆడపిల్ల పెళ్ళి అనే బరువు ఆయన ఎక్కడో విని రాసింది కాదు, ఇంట్లో చూసి రాసింది.

నవల రాత్రిపూట మొదలవుతుంది. పొయ్యి గట్టుకి తల ఆనించి, కళ్ళు మూసుకుని, సగం ఒరిగి ఉంది హదూలా. అరవై దగ్గర పడిన మనిషి. పక్కన ఉయ్యాలలో మనవరాలు. పుట్టి ఎన్నో రోజులు కాలేదు, అప్పుడే కోరింత దగ్గు పట్టుకుంది. బాలింత అయిన కూతురు దెల్హారో ఒళ్ళెరగని నిద్రలో ఉంది. అల్లుడు గురక పెడుతున్నాడు. పిల్లకి పెట్టిన పేరు కూడా హదూలాయే, అమ్మమ్మ పేరు. ముసలామె నిద్రపోవడం లేదు, ఆ ఉయ్యాల పక్కన తన నిద్రని బలి ఇస్తోంది అంటాడు రచయిత. మొదటి వాక్యంలోనే బలి అనే మాట వాడాడు. రెండోసారి చదివినప్పుడు అక్కడ ఆగిపోయాను.

ఇలా రాత్రి తర్వాత రాత్రి గడుస్తుంది. పిల్ల దగ్గుతుంది, ఏడుస్తుంది, కాసేపు సద్దుమణుగుతుంది. ఆ మధ్యలో హదూలా తన బతుకంతా నెమరువేసుకుంటుంది. చిన్నప్పుడు అమ్మానాన్నలకి చాకిరీ చేసింది. పెళ్ళయ్యాక మొగుడికి దాసి అయింది, అతను చేతకానివాడు కావడంతో అతనికి కాపలాదారు కూడా తానే అయింది. పిల్లలు పుట్టాక పిల్లలకి దాసి. ఆ పిల్లలకి పిల్లలు పుట్టాక వాళ్ళకీ దాసి. ఎన్నడూ తనకోసం తాను బతకలేదని ఆ రాత్రుల్లో ఆమెకి తెలిసొస్తుంది. నాకు తెలిసి ఈ పేరా చదివి మా అమ్మనో, నాయనమ్మనో తలుచుకోని మనిషి మా బృందంలో లేదు. అందుకే అక్కడ జాగ్రత్తగా ఉండాలి. జాలితో మనం ఆమె పక్కన కూర్చున్న చోటే, ఇంకొన్ని పేజీల తర్వాత ఆమె చెయ్యి లేస్తుంది.

ఆమెని ఊళ్ళో పిలిచే పేరు ఫ్రాంగోయన్నూ. యన్నిస్ ఫ్రాంగోస్ పెళ్ళాం అని అర్థం. మనవైపు పెద్దావిడల్ని 'ఫలానా వారి కోడలు' అని తప్ప సొంత పేరుతో పిలవకపోవడం లాంటిదే. ఈ యన్నిస్‌కి కూలి డబ్బులు లెక్కపెట్టుకోవడం రాదు. అందుకని ఊళ్ళోవాళ్ళు అతనికి 'లెక్క' అని పేరు పెట్టారు. హదూలా తండ్రి దగ్గర పనిచేసే మెతక మనిషి. ఇచ్చింది పుచ్చుకుని నోరెత్తడని చూసే అమ్మానాన్నలు అతనికి కట్టబెట్టారు. కట్నంగా ఏమిచ్చారు? స్కియాథోస్ ఉత్తర కొసన కొండ కొమ్ము మీద కాస్త్రో అని పాత కోట ఊరు ఉండేది. సముద్రపు దొంగల భయం ఉన్న కాలంలో జనం అక్కడ తలదాచుకున్నారు. గ్రీసుకి స్వాతంత్ర్యం వచ్చాక 1830 ప్రాంతాల్లో అందరూ దిగివచ్చి ఇప్పటి రేవు దగ్గర ఊరు కట్టుకున్నారు. మనుషులెవరూ లేని ఆ పాడుపడ్డ ఊళ్ళో ఒక కూలిన ఇల్లు, బోస్తానీ అనే చోట బీడు పడ్డ ముక్క పొలం. అదీ ఆమె కట్నం. మంచివన్నీ కొడుకు కోసం అట్టే పెట్టుకున్నారు. ఆ బోస్తానీ పొలాన్ని గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

తర్వాత కట్నాల గురించి ఒక పొడుగాటి భాగం ఉంది. మొత్తం పుస్తకంలో రచయిత గొంతులో మంట తెలిసే చోటు అదే. ఏ ఇంట చూసినా ఇద్దరో ముగ్గురో ఆడపిల్లలు, కొన్ని ఇళ్ళల్లో నలుగురైదుగురు. ప్రతి పిల్లకీ ఒక ఇల్లు, ఒక ద్రాక్షతోట, ఒక ఆలివ్ తోట, ఒక పొలం ఇవ్వాలి. అవి చాలక కొత్తగా నగదు కూడా లెక్కపెట్టి ఇవ్వాలనే జబ్బు వచ్చిపడింది. ఇవ్వలేని తండ్రి ఏం చెయ్యాలి? పిల్లల్ని అటక మీద పెట్టుకోమను, అలమరలో దాచుకోమను, మ్యూజియానికి పంపమను అని రాస్తాడు. ఆయన రాసిన కథనమంతా కథరెవూసా అనే పండిత భాషలో ఉంటుంది, మన గ్రాంథికం లాంటిది. మనుషులు మాట్లాడుకునే చోట మాత్రం వీధి మాట వినిపిస్తుంది. రచయిత తనే మాట్లాడుతూ గుమ్మంలోంచి వీధిలోకి దిగిపోయేది ఇలాంటి చోట్లే.

ఇప్పుడు 'మతి చలించిన' అనే మాట దగ్గరికి వస్తాను.

హదూలా ఆ మనవరాల్ని చంపే ముందు రచయిత ఒక వాక్యం రాస్తాడు. గ్రీకులో చాలామందికి కంఠతా వచ్చే మాట అది. తెలుగులో దగ్గరగా చెప్పాలంటే, ఆమె మనసు ఎత్తుకి ఎక్కడం మొదలైంది అని. పిచ్చిలోకి పడిపోయింది అనలేదు. ఎత్తుకి ఎక్కింది అన్నాడు. తూలి పడేవాళ్ళకి కింద నేల కనిపించదు. ఎత్తుకెక్కినవాళ్ళకి ఊరంతా కనిపిస్తుంది. హదూలాకి ఆ రాత్రి కనిపించింది ఊరే. అందులోని ఆడపిల్లల వరుస, ఆ వరుస వెనక అప్పులు చేసే తండ్రులు, వాళ్ళ వెనక తనలాంటి దాసీలు. దుఃఖమే సంతోషమనీ, చావే బతుకనీ, లోకంలో అన్నీ తలకిందులుగా ఉన్నాయనీ ఆమెకి తోస్తుంది. అడుగు తర్వాత అడుగు, తర్కం పట్టుకునే వెళ్తుంది. ఆ తర్కంలో ఒక్క మెట్టు కూడా ఆమె సొంతం కాదు. ప్రతి మెట్టూ ఊరు కట్టి ఇచ్చిందే.

ఎలాగంటే, ఆ ఊళ్ళో ఆడపిల్లల్ని చూసి పెద్దవాళ్ళు 'ఇవి బతక్కపోతే బాగుండు, ఇంతకుమించి పెరగకపోతే బాగుండు' అనడం మామూలు మాట. దాన్ని ఎవరూ పాపమనుకోరు, తిట్టుగా కూడా తీసుకోరు. పసిపాప పోయిన ఇంటికి పలకరింపుకి వెళ్ళినప్పుడు హదూలాకి లోపల్లోపల హాయిగా ఉండేది. అందరూ నోటితో అన్న మాటని ఆమె చేత్తో చేసింది. ఆమెది పిచ్చి అని చార్టులో రాసేస్తే, ఆ మాటన్న ఊరంతా శుభ్రంగా బయటపడిపోతుంది. నా అభ్యంతరం అక్కడే.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. రెండేళ్ళ క్రితం మా పెద్దనాన్న కూతురు నెలలు నిండకుండానే ప్రసవించింది. నేను తోడు పడుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. పసిపిల్లల్ని అద్దాల పెట్టెల్లో పెట్టే గది బయట వరండాలో చాపలు పరుచుకుని అరడజను మందిమి ఉన్నాం. నా పక్క చాప ఒక పెద్దావిడది. కోడలికి మూడో కాన్పు, మూడోసారీ ఆడపిల్లే. పిల్ల బరువు కిలోన్నర కూడా లేదు. ఆవిడ దగ్గర ఒక స్టీలు ఫ్లాస్కు, ప్లాస్టిక్ బుట్ట, అందులో కోడలి కోసం వండి తెచ్చిన పథ్యం కూర. రాత్రి ఒంటిగంటప్పుడు నర్సు బయటికొచ్చి పిల్ల ఊపిరి సరిగా అందట్లేదని చెప్పి వెళ్ళింది. ఆవిడ ఫ్లాస్కు మూత బిగించుకుంటూ నాతో అంది: "పోతే పోనీయమ్మా. దానికీ సుఖమే, వీళ్ళకీ సుఖమే." గొంతులో కోపం లేదు. కాఫీ పోసి ఇచ్చే గొంతే. పక్క చాపలవాళ్ళు తలలూపారు. ఒకావిడ 'అంతేగా మరి' అంది. నేను కూడా ఏమీ అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఈ నవల చదువుతుంటే హదూలా చుట్టూ ఉన్న ఇరుగుపొరుగు ఆడవాళ్ళలో నేనూ కనిపించాను.

ఆ వరండాలో ఎవరికీ మతి చలించలేదు.

అయితే హదూలా లెక్క పూర్తిగా తప్పు. అది ఆమె ఇంట్లోనే తప్పింది. అంత తెలివైన మనిషి దాన్ని చూడకపోవడమే ఈ నవలలో నన్ను ఎక్కువగా వేధించే సంగతి. ఆమె సంసారాన్ని ఒక్కసారి కాగితం మీద పెట్టి చూడండి. కొడుకుల్లో కొందరు అమెరికా వెళ్ళి మెల్లగా మరుగైపోయారు. ఇంకొకడు తాగి కత్తి పట్టుకుని వీధిలో వీరంగం వేసినవాడు. సొంత చెల్లెలు అమెర్సాని పొడిచాడు. తర్వాత ఇంకో మనిషిని చంపి ఖల్కిస్‌లో జైలు పాలయ్యాడు. మరి ఆడపిల్లలు? అమెర్సాకి పెళ్ళి కాలేదు. మగ్గం మీద నేస్తూ ఇల్లు నిలబెట్టేది ఆమె. అన్న పొడిచినా అతని గుట్టు కాపాడింది. చిన్నది క్రినియో తల్లి వెనకే తిరుగుతూ పనులు చేస్తుంది. చంపబోయే రాత్రి అమెర్సాకి కల వస్తుంది, పాప చచ్చిపోయినట్టు, తల్లి చేతి మీద నల్లటి మచ్చ ఉన్నట్టు. ఉండబట్టలేక చీకట్లో పరుగెత్తుకొచ్చి చూస్తుంది. పాప బతికే ఉంది. తల్లి ఆమెని మందలించి వెనక్కి పంపేస్తుంది. ఆ ఇంటిమీద నిజంగా కనిపెట్టుకుని ఉన్నది ఆ పెళ్ళికాని కూతురే.

హదూలా ఆ పొయ్యి దగ్గర కూర్చుని 'కొడుకులు ఎందుకు పుట్టాలి' అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇంటి మీదికి పోలీసుల్ని తెచ్చినవాడి కోసం తాపత్రయపడింది. ఇల్లు నిలబెట్టినవాళ్ళని బరువు అనుకుంది. కట్నం అనే ఏర్పాటు డబ్బుని ఇటునుంచి అటు మార్చడంతో ఆగదు. ఎవరు బరువో, ఎవరు ఆసరానో కళ్ళకి కనిపిస్తున్నా మనసుకి ఎక్కకుండా చేస్తుంది. మొగుడి పేరు 'లెక్క', అతనికి లెక్క రాదు. పెళ్ళానికి లెక్క వచ్చు, కానీ ఊరు నేర్పిన లెక్కే వచ్చు. నా దృష్టిలో ఈ నవలకి గుండెకాయ ఇది. చార్టులో 'కట్నం' అని ఒక్క మాట రాసి గీత గీసేస్తే ఇది జారిపోతుంది.

మా బృందంలో ఇంకో వాదన కూడా వచ్చింది. లాయరుగా పనిచేసే ఒకామె, నాకు చాలా ఇష్టమైన మనిషి, హదూలాని తిరుగుబాటుదారు అంది. సమాజం మీద పగ తీర్చుకున్న ఆడది అంది. ఈ వాదనలో ఆకర్షణ ఉంది. నేనూ కొంతసేపు అటు ఒరిగాను. కానీ ఆమె ఎవర్ని చంపిందో చూస్తే ఆ వాదన నిలబడదు. నగదు అడిగిన వరుడి జోలికి పోలేదు. తనకి బీడు పొలం అంటగట్టిన తల్లిదండ్రులు దాచుకున్న సొమ్ములోంచి కొంత దొంగిలించి గూడు కట్టుకుంది, అంతవరకు ఆమె తిరుగుబాటు నిజమే. ఆ తర్వాత ఆమె చెయ్యి లేచింది ఉయ్యాలలో ఉన్నవాళ్ళ మీద, నీళ్ళ దగ్గర ఆడుకుంటున్నవాళ్ళ మీద. ఎదురుతిరిగి ఒక్క మాట అనలేనివాళ్ళ మీద. పై నుంచి వచ్చిన బరువుని కిందికి తోసెయ్యడం తిరుగుబాటు ఎలా అవుతుంది?

ఆ హత్యల వరుసని కూడా విడిగా చూడాలి. ఒకటి ఇంకొకదానిలా ఉండదు. మొదటిది ఉయ్యాలలో జరిగింది, నిద్రలేని రాత్రుల తర్వాత, పాప దగ్గు ఆపాలన్నట్టు చెయ్యి నోటి మీదికి వెళ్ళి అక్కణ్ణుంచి గొంతు మీదికి జారింది. తర్వాత పశ్చాత్తాపం కాల్చేసింది. దాచిన యోహాను అని పిలిచే పాత గుడికి వెళ్ళి, తను చేసింది మంచో చెడో గుర్తు చూపించమని మొక్కింది. తిరుగుదారిలో ఒక తోటమాలి ఇంటి దగ్గర నీళ్ళ తొట్టి పక్కన ఇద్దరు ఆడపిల్లలు ఒంటరిగా కనిపించారు. ఇదే గుర్తు అనుకుంది. తోసేసింది. ఆ మీదట కాపాడటానికి వచ్చినట్టు నటించింది. ఇక్కడ నాకు వెన్ను జలదరిస్తుంది. మొక్కిన దేవుడు మౌనంగా ఉన్నాడు. ఆ మౌనాన్ని తనకి కావలసిన మాటగా వినేసింది. మూడోది ఇంకా విచిత్రం. క్సెనూలా అనే పిల్ల బావి దగ్గర ఆడుకుంటుంటే, పడితే బాగుండు అని మనసులో అనుకుంది. పిల్ల నిజంగానే పడిపోయింది. ఈసారి తోయలేదు, తియ్యలేదు కూడా. అంటే ఊళ్ళోవాళ్ళు రోజూ చేసే పనే చేసింది, కోరుకుని ఊరుకుంది. ఆమె మీద అనుమానం గట్టిపడింది, పోలీసులు వెతకడం మొదలుపెట్టింది ఆ చావుతోనే.

అక్కణ్ణుంచి పుస్తకం కొండల్లోకి పరిగెడుతుంది. దీవి అందాలు, వాగులు, ఆమె చిన్నప్పటి నుంచి ఏరుకున్న మందాకులు, పాత గుళ్ళు. ఒకప్పుడు హదూలా గుట్టుగా సాయం చేసిన మారూసా తన ఇంట్లో ఆమెని దాచిపెడుతుంది. ఈ భాగం అందంగా ఉంటుంది, కానీ వర్ణనలు నాకు కాస్త ఎక్కువ అనిపించాయి. ఒక్క రాత్రిని మాత్రం మరిచిపోలేం. లీరింగోస్ అనే గొర్రెలకాపరి ఆమెని నమ్మి గుడిసెలోకి రానిచ్చాడు. భార్య బాలింత, ఆడపిల్ల. అక్కడా అదే చేసింది. తన మీద నమ్మకం పెట్టుకున్న గుడిసెలో, తను మంత్రసానిలా సాయం చెయ్యాల్సిన చోట. ఆ తర్వాత కొండల్లో ఎక్కడ దాక్కున్నా పసిపిల్ల ఏడుపు ఆమె లోపల్నుంచి వినిపిస్తూనే ఉంటుంది.

ఏడుపు అంటే గుర్తొచ్చింది. ఆ పిల్లలకి ఈ పుస్తకంలో ఉన్న మాట అదొక్కటే. దగ్గు, ఏడుపు, నీళ్ళలో చప్పుడు. పాత్రల పట్టికలో వాళ్ళు అట్టడుగున పడటానికి కారణం అదే కావచ్చు. మాట్లాడని మనిషిని మనం పాత్రగా లెక్కేయం. కానీ మొదటి పాపకి అమ్మమ్మ పేరే పెట్టారని చెప్పాను కదా. ఆ ముసలామె ఉయ్యాలలో చంపింది హదూలానే. తన పేరున్న మనిషికి తన బతుకు రాకూడదనుకుంది. ఆ పాప పాత్ర కాకపోతే ఈ నవలలో పాత్రలు ఇంకెవరు? మళ్ళీ చదివినప్పుడు నేను పిల్లలు వచ్చే ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ వెళ్ళాను. అప్పుడు కథ మారిపోయింది. ముసలామె గురించిన కథ, ఆమె చేతికి దగ్గరగా వచ్చే పిల్లల గురించిన కథ అయింది. ఒక్కో పేజీ తిప్పుతుంటే టెన్షన్, ఈ పిల్ల దాటిపోతుందా లేదా అని.

మన సాహిత్యంలో దీనికి దగ్గరగా ఏముందని అడిగారు మావాళ్ళు. అందరికీ 'కన్యాశుల్కం' గుర్తొస్తుంది కానీ అక్కడ డబ్బు ఎదురు దిక్కున నడుస్తుంది, పిల్లని అమ్ముకునే తండ్రుల కథ అది. నాకు గుర్తొచ్చింది కాళ్ళకూరి నారాయణరావు 1921లో రాసిన 'వరవిక్రయం'. అందులో కాళింది తన పెళ్ళి కట్నం కోసం తండ్రి ఆస్తి పోవడం చూడలేక బావిలో దూకి చనిపోతుంది. ఆ నాటకం చూసి తరాల తరబడి జనం ఏడ్చారు. ఆ ఏడుపు నిజమైనదే. అయినా, ఈ గ్రీకు నవల చదివాక కాళింది చావు నాకు ఇంతకుముందులా కనిపించడం లేదు. ఆడపిల్ల లేకపోతే తండ్రి గట్టెక్కుతాడు అన్న లెక్కే అక్కడా ఉంది. కాళింది ఆ లెక్కని తన మీద తనే అమలు చేసుకుంది. మనం దాన్ని త్యాగం అన్నాం. హదూలా వేరే పిల్లల మీద అమలు చేసింది. దాన్ని పిచ్చి అన్నాం. బావి మాత్రం ఒకటే. నాటకకర్త ఉద్దేశం కట్నాన్ని ఎండగట్టడమే, అందులో నాకు సందేహం లేదు. చెల్లెలు కమల పెళ్ళయ్యాక కోర్టు దాకా వెళ్ళి నిలబడే తీరు నాకెంతో ఇష్టం. కానీ చచ్చిపోయిన పిల్లని పూజించడం, చంపిన ముసలిదాన్ని పిచ్చిదనడం, ఈ రెంటితోనూ ఆ లెక్క చెక్కుచెదరకుండా మిగిలిపోతుందని పాపదియామంతిస్ నాకు చూపించాడు.

చట్టాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. గ్రీసులో కట్నం చట్టంలోనే ఉండేది, 1983లో తీసేశారు. మన దేశంలో దాన్ని నిషేధిస్తూ 1961లోనే చట్టం వచ్చింది. మా బృందంలో ఏడుగురం ఉన్నామన్నాను కదా. ఆ రోజు ఎవరి పెళ్ళిలో ఏం ఇచ్చారో ఒక్కొక్కరూ చెప్పారు. ఏడుగురిలో ఆరుగురికి ఇచ్చినవాళ్ళే. 'కట్నం కాదులే, మా నాన్న ప్రేమగా పెట్టారు' అన్నవాళ్ళే నలుగురం. అందులో నేనూ ఉన్నాను.

ఇక చివరి పేజీలు. పోలీసులు వెంటపడుతుంటే హదూలా సముద్రం ఒడ్డుకి దిగుతుంది. ఎదురుగా ఒక రాతి గుట్ట, దాని మీద ఆయ్ సోస్తిస్ అనే చిన్న గుడి. అక్కడ ఒక ముసలి సన్యాసి ఉన్నాడని విని, ఆయన ముందు అంతా చెప్పేసుకోవాలని వస్తోంది. గుట్టకీ ఒడ్డుకీ మధ్య సన్నని ఇసుక దారి. ఆటు ఉన్నప్పుడే నడవగలం. ఆమె అడుగుపెట్టేసరికి పోటు మొదలైంది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి. వెనక పోలీసులు, ముందు గుడి. ఆ చివరి క్షణంలో తలెత్తి చూస్తే దూరంగా కనిపించింది బోస్తానీలోని ఆ బీడు పొలం. పదిహేడేళ్ళప్పుడు అంటగట్టిన ముక్క. 'అదిగో నా కట్నం!' అంది. అవే ఆమె ఆఖరి మాటలు.

ఈ ముగింపుని ఏ ఇతివృత్తం కిందా రాసుకోవద్దని ఆ చార్టు అమ్మాయికి చెప్పాలనుంది. అలా ఊరికే చూడాలి. ఒక ముసలి మనిషి నీళ్ళలో మునిగిపోతూ, కన్నవాళ్ళనీ, జైల్లో ఉన్న కొడుకునీ, తను చంపిన పిల్లల్నీ ఎవర్నీ పిలవలేదు. ఒక పొలం కనిపించింది. ఆ వెంటనే రచయిత చివరి వాక్యం రాస్తాడు. దేవుడి న్యాయానికీ మనుషుల న్యాయానికీ సరిగ్గా సగం దారిలో ముసలి హదూలా చావుని కలుసుకుంది అని. చాలామంది ఈ 'సగం దారి' గురించే పేజీలకి పేజీలు రాస్తారు. నా కన్ను వేరే చోట ఆగింది. పుస్తకంలో ఎక్కువగా ఫ్రాంగోయన్నూ అంటూ వచ్చిన రచయిత, ఆ వాక్యంలో ఆమెని హదూలా అన్నాడు. మొగుడి పేరు నీళ్ళలో కొట్టుకుపోయింది. మిగిలింది పుట్టినప్పటి పేరు, ఉయ్యాలలో ఉన్న పాప పేరు కూడా అదే. శిక్ష పడింది ఎవరికో, ఎవరి చావు ఎవరి చావులో కలిసిందో ఆ ఒక్క పేరులో ఉంది.

ఆమెని క్షమించమని నేను అడగడం లేదు. లీరింగోస్ గుడిసెలోని ఆ బాలింత ఎదురుగా నిలబడి ఆ మాట అడిగే ధైర్యం నాకు లేదు. ఆమెని పక్కన పెట్టెయ్యొద్దు అంటున్నాను, అంతే. పిచ్చిది అనో, పాపం అనో, వీరనారి అనో ఒక మాట అంటించి దూరంగా జరిగిపోవద్దు.

ఆసుపత్రి వరండా సంగతి సగంలో వదిలేశాను. 'పోతే పోనీయమ్మా' అన్న ఆ పెద్దావిడ ఆ రాత్రి పడుకోలేదు. మూడు గంటలకి నర్సుని బతిమాలి లోపలికి వెళ్ళింది. అద్దంలోంచి చూశాను. చేతులు కడుక్కుని, పెట్టెకున్న గుండ్రటి కంతలోంచి చెయ్యి పోనిచ్చి, ఆ పిల్ల పాదం రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చుంది. బొటనవేలంత పాదం. తెల్లారేదాకా అలాగే ఉంది. పొద్దున్నే బయటికొచ్చి, చాప చుట్టుకుంటున్న నా దగ్గరికి వచ్చి, "ఇరవై గ్రాములు పెరిగిందంటమ్మా" అంది. తర్వాత పక్క చాపావిడకి చెప్పింది. ఆ తర్వాత టీ తెచ్చిన కుర్రాడికి కూడా చెప్పింది.